వలస శాఖ అధికారి తప్పు చేసినచో

మన పల్లెలలో బందెలదొడ్డి అనునది ఒకటి ఉండెడిది. చేలో పడి మేసిన పశువును తోలుకొనిపోయి అందులో కట్టివేయుదురు. అట్టి అధికారము లేనిచో పైరు దక్కదు. కాని చేలో పడని పశువును పడినదని తోలుకొనిపోయినచో? దారిన పోవు గేదెను పాతపగతో దొడ్డిలో పెట్టించినచో? ఈ ప్రశ్నకు 1871 వ సంవత్సరపు పశువుల అక్రమప్రవేశ చట్టమే సమాధానము చెప్పినది. పశువుగల ఆసామి మేజిస్ట్రేటు నొద్ద ఫిర్యాదు చేసికొనవచ్చును. పట్టుట అక్రమమని తేలినచో పట్టినవాడే నూరు రూపాయలవరకు నష్టపరిహారము చెల్లింపవలెను. అది పరాయిపాలనలో పుట్టిన చట్టమే. ఐనను పట్టుకొను అధికారమున్నచోట తప్పుగా పట్టినందుకు జవాబు చెప్పు బాధ్యతయు ఉండవలెనను ధర్మము అందులో స్పష్టముగా కలదు.

ఈనాడు మనము ముచ్చటింపబోవునది పశువును గూర్చి కాదు, మనిషిని గూర్చి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వలస చట్టములను అమలు జరుపు అధికారులు ఒక మనిషిని తప్పుగా పట్టుకొన్నచో, కొట్టినచో, కాల్చినచో, ఆ బాధితుడు ఎవరిని అడుగవలెను? అడిగినచో చట్టము ఏమి సమాధాన మిచ్చును? ఇది మనకు దూరపు విషయమని త్రోసివేయుటకు వీలులేదు. వేలకొలది తెలుగు కుటుంబముల బిడ్డలు ఆ దేశమున చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వారి బ్రతుకు వీసా కాగితముపై ఆధారపడియున్నది. ఆ కాగితమును పరిశీలించు అధికారి చేతిలో ఎంత శక్తి యున్నదో, ఆ శక్తికి హద్దు ఎక్కడనో తెలిసికొనుట మనకును అవసరమే.

ముందుగా ఆ అధికారుల సంగతి చూతము. 2002 లో చేసిన చట్టమును బట్టి అమెరికాలో స్వదేశ భద్రతాశాఖ ఏర్పడినది. దాని క్రింద దేశములోపల పనిచేయు దళము ఒకటి. వ్యవహారములో దానిని 'ఐస్' అందురు. సరిహద్దులను కాయు గస్తీదళము మరియొకటి. ఒక విదేశీయుడు చట్టవిరుద్ధముగా దేశములో నున్నాడని నమ్ముటకు కారణముండి, వారంటు తెచ్చులోపల అతడు తప్పించుకొని పోవునని తోచినచో, ఈ అధికారులు వారంటు లేకుండగనే అతనిని నిర్బంధింపవచ్చును. ఇది సామాన్యమైన అధికారము కాదు. ఇక రాజ్యాంగపు రక్షణల మాట. అవి పౌరులకు మాత్రమేనని అనుకొనరాదు. 1886 లోనే, శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బట్టలుతికి జీవించు చీనా దేశస్థుల వ్యాజ్యెములో, చట్టపు సమానరక్షణ ఆ నేలపైనున్న ప్రతి మనిషికిని వర్తించునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున హక్కు కలదు. చిక్కంతయు ఆ హక్కు చెడినప్పుడు పరిహారము దొరకు దారిలో ఉన్నది.

ఆ దారి మొదట ఇంత ఇరుకుగా లేదు. 1799 లో అమెరికా నౌకాదళపు కెప్టెను లిటిల్ అనునతడు డెన్మార్కు దేశస్థుల ఓడ నొకదానిని సముద్రముపై పట్టుకొనెను. అధ్యక్షుని ఆజ్ఞప్రకారమే పట్టుకొనెను. కాని ఆ ఆజ్ఞ కాంగ్రెసు చేసిన చట్టమును మించియుండెను. 1804 లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పుచు, పైవాని ఆజ్ఞ అక్రమమును సక్రమము చేయజాలదు గనుక కెప్టెను స్వయముగా నష్టపరిహార మిచ్చుకొనవలసినదే అనెను. కెప్టెను ఏమి చేసెను? కాంగ్రెసుకు మొర పెట్టుకొనెను. ఇతడు తన స్వార్థమునకు గాక కొలువులో భాగముగా ఈ పని చేసినాడని గ్రహించి, 1807 లో కాంగ్రెసు ఆ సొమ్మును ఖజానానుండి ఇప్పించెను.

ఈ పాత వ్యవహారమును కొంచెము నిదానించి చూడవలెను. ఇందులో ముగ్గురున్నారు. నష్టపోయిన ఓడవారికి సొమ్ము ముట్టినది. ఆజ్ఞకు లోబడిన ఉద్యోగి దివాలా తీయలేదు. తప్పుడు ఆజ్ఞ నిచ్చిన ప్రభుత్వము మూల్యము చెల్లించినది. ఎవరి భారము ఎక్కడ పడవలెనో అక్కడనే పడినది.

ఇరువదవ శతాబ్దిలో ఈ లెక్క మారినది. 1942 జనవరిలో గ్రెగోయిర్ అను నొకనిని, జర్మనీ దేశస్థుడు గనుక శత్రుపక్షమువాడని, అమెరికా ప్రభుత్వము నిర్బంధించెను. అతడు ఫ్రాన్సువాడని విచారణ మండలియే చెప్పినదని అతని వాదము. ఐనను న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపమున 1946 సెప్టెంబరు వరకు అతనిని ఉంచిరి. ఒక న్యాయమూర్తి అతడు ఫ్రెంచివాడే అని తేల్చిన పిదపగాని విడుదల కాలేదు. అతడు అటార్నీ జనరల్ పదవి వహించినవారిమీద, ఎల్లిస్ ద్వీపపు వలస శాఖాధికారిమీద దావా వేసెను. 1949 లో ఆ అప్పీలును విచారించినవాడు లెర్నెడ్ హ్యాండ్ అను సుప్రసిద్ధ న్యాయమూర్తి. తీర్పు అధికారుల పక్షమున వచ్చినది. అధికారులు దురుద్దేశముతోనే చేసిరని అనుకొన్నను దావా చెల్లదనెను.

హ్యాండుగారి తర్కము తేలికగా కొట్టివేయదగినది కాదు. ఆయన చెప్పినదాని సారాంశ మిది: తప్పు చేసినవానిని మాత్రమే కోర్టున కీడ్చుట సాధ్యమైనచో వానికి రక్షణ కల్పించుట ఘోరము. కాని విచారణ ముగియనిదే తప్పెవనిదో తెలియదు. ఈలోపల నిర్దోషియు ఏండ్లతరబడి కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చును. ఆ భయము పట్టుకొన్నచో కర్తవ్యనిష్ఠ గలవాడు సైతము చేయి ముడుచుకొని కూర్చుండును. కావున కొందరు దుష్టుల తప్పులకు పరిహారము లేకపోయినను సరే, మంచివారిని భయమునుండి కాపాడుటయే మేలు. ఉద్యోగధర్మ మెరిగినవా రెవరైనను ఈ మాటలో సత్యము లేదనజాలరు. క్షణములో నిర్ణయింపవలసిన పని చేయువానిని పది సంవత్సరముల తరువాత తీరికగా కూర్చుండి తప్పుపట్టుట సులభము. కాని ఎల్లిస్ ద్వీపమున గడచిన ఆ నాలుగేండ్ల ఎనిమిది నెలల మాట ఏమి? ఆ ప్రశ్నకు తీర్పులో జవాబు లేదు.

తరువాత ఒక తలుపు తెరచుకొన్నది. 1965 నవంబరులో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో మాదకద్రవ్యముల శాఖాధికారులు వారంటు లేకుండ బివెన్స్ అనువాని ఇల్లు సొచ్చి, భార్యాబిడ్డల యెదుట సంకెళ్లు వేసి, ఇల్లంతయు సోదా చేసిరని అతడు ఫిర్యాదు చేసెను. రాష్ట్రపు పోలీసులు ఇట్లు చేసినచో దావా వేయుటకు ఒక చట్టము కలదు. చిత్రమేమన, అదియు మన బందెలదొడ్డి చట్టమువలె 1871 లో పుట్టినదే. కాని కేంద్రప్రభుత్వపు అధికారులమీద దావాకు అట్టి చట్టము లేదు. 1971 లో సుప్రీంకోర్టు, చట్టము లేకున్నను రాజ్యాంగమే చాలును, అధికారులు స్వయముగా పరిహార మిచ్చుకొనవలెను అని చెప్పెను. ఇట్టి బాధితునికి పరిహారమైన దొరకవలెను, లేదా ఏమియు దొరకదు అని న్యాయమూర్తి హార్లన్ విడిగా వ్రాసెను. జరిగిపోయిన సోదాను ఏ ఉత్తరువును వెనుకకు తీసికొనజాలదు గదా.

1979, 1980 సంవత్సరములలో మరి రెండు వ్యాజ్యెములలో ఈ సూత్రమును వర్తింపజేసిరి. అంతటితో ఆగినది. 1980 తరువాత సుప్రీంకోర్టు మరి ఏ క్రొత్త సందర్భమునకును దానిని విస్తరింపలేదు. రెండు ఉదాహరణలు చూతము.

2010 జూన్‌లో మెక్సికో సరిహద్దున, ఎల్ పాసో, హువారెస్ పట్టణముల నడుమనున్న కాలువలో ఒక పదునైదేండ్ల బాలుడుండెను. సరిహద్దు గస్తీ అధికారి అమెరికా వైపునుండి తుపాకి పేల్చగా మెక్సికో గడ్డపై ఆ బాలుడు మరణించెను. పిల్లలు ఆడుకొనుచుండిరని తల్లిదండ్రులు చెప్పిరి. రాళ్లు రువ్విరని అధికారి చెప్పెను. నిజమేదో తేల్చుటకు విచారణయే జరుగలేదు. 2012 లో ప్రభుత్వము అధికారిపై నేరము మోపబోమనెను, మెక్సికోకు అప్పగింపబోమనెను. 2020 లో సుప్రీంకోర్టు, ఇది విదేశ వ్యవహారములకు, దేశభద్రతకు సంబంధించినది గనుక పరిహారపు దావాకు అనుమతి కాంగ్రెసే ఈయవలెను అని ఐదుగురు నలుగురుగా చీలి తీర్పు చెప్పెను.

రెండవది 2022 నాటి తీర్పు. వాషింగ్టను రాష్ట్రమున కెనడా సరిహద్దునకు ఆనుకొని ఒక అమెరికా పౌరుని బసగృహ మున్నది. 2014 లో ఒక గస్తీ అధికారి అక్కడికి వచ్చి, టర్కీనుండి వచ్చిన అతిథిని ప్రశ్నింపబోగా, యజమాని బయటికి పొమ్మనెను. అధికారి తనను నేలపై పడద్రోసెనని, పైవారికి ఫిర్యాదు చేసిన పిమ్మట కక్షగట్టి పన్నుల శాఖవారిని తనపైకి ఉసికొల్పెనని యజమాని దావా. సుప్రీంకోర్టు దావాను త్రోసివేసెను. గస్తీదళములోనే ఫిర్యాదు చేసికొను పద్ధతి యున్నది గనుక అది చాలుననెను. ఆ శాఖాంతర్గత విచారణలో పాల్గొనుటకు గాని, తీర్మానముపై అప్పీలు చేయుటకు గాని ఫిర్యాదికి హక్కు లేదు. కంచె చేను మేసినదని మొరపెట్టుకొన్నవానిని, పోయి కంచెనే అడుగుమని పంపినట్లున్నది.

ఈ దారిలో మరియొక అడ్డు కూడ కలదు. దావా నిలిచినను, అధికారి 'క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ' అను పరిమిత రక్షణను కోరవచ్చును. 1982 లో స్థిరపడిన సూత్రప్రకారము, తాను చేసిన పని చట్టవిరుద్ధమని అప్పటికే స్పష్టముగా నిర్ణయమైయున్నప్పుడు మాత్రమే అధికారి బాధ్యుడు. వినుటకు న్యాయముగనే యున్నది. కాని ఆచరణలో, ఇట్టి వివరములతోనే పూర్వపు తీర్పు ఒకటి చూపుమని బాధితుని అడుగుదురు. అట్టి తీర్పు లేనిచో దావా పోవును. దావా పోయినచో తీర్పు పుట్టదు. రేపటి బాధితునికిని చూపుటకు ఏమియు ఉండదు.

సరే, అధికారిని విడిచి ప్రభుత్వమునే అడుగవచ్చును గదా అందురు. అది రెండవ ద్వారము. 1945 జూలైలో పొగమంచులో ఒక బాంబరు విమానము న్యూయార్కు ఎంపైర్ స్టేట్ భవనమును ఢీకొని పదునలుగురు మరణించిరి. ఏండ్ల తరబడి నానుచున్న ఒక బిల్లునకు ఈ ప్రమాదముతో ఊపు వచ్చి, 1946 లో ప్రభుత్వముపై నష్టపరిహారపు దావాకు వీలు కల్పించు చట్టము వచ్చినది. మొదట అందులో కొట్టుట, అక్రమ నిర్బంధము వంటివి చేరలేదు. 1973 లో ఇల్లినాయి రాష్ట్రపు కాలిన్స్‌విల్ పట్టణమున అధికారులు పొరపాటున నిర్దోషుల ఇండ్లలో జొరబడి భీభత్సము చేయగా దేశము ఉలికిపడినది. 1974 లో చట్టమును సవరించి, పోలీసు అధికారము గల కేంద్రోద్యోగుల అట్టి చేష్టలను కూడ చేర్చిరి. వలస శాఖాధికారులును ఆ కోవలోనివారే. 1988 లో వచ్చిన మరియొక చట్టము, కొలువులో చేసిన సామాన్యమైన తప్పులకు ఉద్యోగిని తప్పించి ప్రభుత్వమునే ప్రతివాదిగా నిలుపుమన్నది.

ఇది మంచి మార్గమే. కెప్టెను లిటిల్ నాటి ధర్మమునకు దగ్గరది. కాని ఈ ద్వారమునకు గడియలు పెక్కు. రెండేండ్లలోపల ముందు ఆ శాఖకే అర్జీ పెట్టవలెను. జ్యూరీ ఉండదు. దండనగా విధించు అదనపు పరిహారము లేదు. విదేశపు గడ్డపై జరిగిన హానికి వర్తింపదు. అధికారి విచక్షణకు విడిచిన పనులకు వర్తింపదు. ఈ 'విచక్షణ' అను మాట ఎంతవరకు సాగునో తేలుట లేదు. 2017 లో అట్లాంటా నగరమున కేంద్ర దర్యాప్తు అధికారులు చిరునామా పొరపడి తెల్లవారకముందే ఒక కుటుంబపు తలుపు పగులగొట్టి లోన జొరబడిరి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ దావాను తిరిగి నిలిపినది గాని, విచక్షణ సంగతి క్రింది కోర్టు తేల్చవలెనని పంపినది. తప్పుడు ఇల్లని అధికారులే ఒప్పుకొన్న వ్యవహారమునకు ఎనిమిదేండ్లు గడచినను ముగింపు లేదు.

ప్రభుత్వమునకు గల రక్షణ మన తెలుగు విద్యార్థులకు స్వయముగా ఎదురైన సందర్భమొకటి కలదు. మిచిగన్ రాష్ట్రమున 'ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము' అను పేర ఒక సంస్థ వెలసినది. పాఠములు లేవు, ఆచార్యులు లేరు. అది వలస శాఖవారే పన్నిన వల అని 2019 జనవరిలో అరెస్టులు జరిగినప్పుడు బయటపడినది. పట్టుబడినవారిలో అనేకులు తెలుగువారు. చదువు లేదని తెలిసియే వీసా నిలుపుకొనుటకు చేరినారని ప్రభుత్వ వాదము. సొమ్ము కట్టించుకొని చదువు చెప్పలేదని విద్యార్థుల వాదము. కట్టిన రుసుము తిరిగి ఇమ్మని ఒక విద్యార్థి తనవంటివారందరి తరఫున దావా వేయగా, ఇది సార్వభౌమాధికారముతో చేసిన పని గనుక దావా చెల్లదని క్రింది కోర్టు 2022 లో కొట్టివేసినది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రిప్పి, దావా వినదగినదే అన్నది. ఎవరి వాదము నిజమో అది తేల్చలేదు, వినవలెనన్నది, అంతే. ఐనను వినుటయే మొదటి న్యాయము.

మూడవ ద్వారము నేరవిచారణ. కేంద్రప్రభుత్వమే తన అధికారిపై నేరము మోపవచ్చును. కాని హక్కును బుద్ధిపూర్వకముగా భంగపరచెనని నిరూపింపవలెను. రాష్ట్రప్రభుత్వములు మోపవచ్చునా? 1889 లో కాలిఫోర్నియాలో ఒక రైల్వే స్టేషను భోజనశాలయందు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫీల్డుపై చేయిచేసికొన్న టెర్రీ అనువానిని, కావలిగా నున్న కేంద్రోద్యోగి నీగల్ కాల్చిచంపెను. రాష్ట్రము హత్యానేరము మోపినది. 1890 లో సుప్రీంకోర్టు అతనిని విడిపించెను. ఆ తీర్పును బట్టి, చేసిన పని కేంద్రచట్టమిచ్చిన అధికారములోనిది కావలెను. అవసరమునకు మించినది కాకూడదు. ఈ రెండును ఉన్నప్పుడు రాష్ట్రము శిక్షింపరాదు. కావున ఈ అధికారులకు సంపూర్ణ రక్షణ కలదని ఎవరైనను అన్నచో అది చట్టము తెలియని మాట. అవసరమును మించిన చేష్టకు ఆ కవచము చాలదు. ఐతే ఆ విచారణను కేంద్ర న్యాయస్థానమునకు మార్చుకొను హక్కు అధికారికి ఉన్నందున, రాష్ట్రపు ప్రాసిక్యూటరు దారి సులభము కాదు.

ఈ మూడు ద్వారములకును ముందు వాకిలి ఒకటి కలదు. అది అధికారి ఎవరో తెలియుట. ముఖము కప్పుకొని, పేరు చెప్పక పట్టుకొనిపోయినవానిపై ఎట్లు ఫిర్యాదు చేయుట? కుటుంబములకు బెదరింపులు రాకుండుటకే ముసుగులని శాఖవారందురు. 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రము ముసుగులను నిషేధించుచు చట్టము చేయగా, కేంద్రప్రభుత్వము దానిపై న్యాయస్థానమున కెక్కెను. అదే సంవత్సరము డిసెంబరులో ఇల్లినాయి రాష్ట్రము, వలస చట్టముల అమలులో రాజ్యాంగ హక్కులను భంగపరచినవారిపై దావాకు వీలు కల్పించు చట్టము చేసినది. దానిపైనను వివాదము లేచినది.

ఇంతకును మేము చెప్పదలచిన దొక్కటియే. అధికారికి రక్షణ వలదని మేమనము. అతడును జీతముపై బ్రతుకువాడే. చలిలో, ఎండలో, ప్రమాదములో పనిచేయువాడే. మంచి మనసుతో పొరపడినవాని ఇల్లు వేలము వేయించుట న్యాయము కాదు. భారమును అతని నెత్తినుండి దింపవచ్చును. కాని దింపిన భారమును ఎవరి నెత్తిపై పెట్టవలెను? పంపిన ప్రభుత్వముపై పెట్టినచో అది రక్షణ. గాయపడినవానిపైననే పెట్టినచో అది అన్యాయము. ఒక తలుపు మూయుచు కోర్టువారు ప్రక్క తలుపు కలదందురు. ప్రక్క తలుపునకు పోగా కాంగ్రెసునడుగుమందురు. ఏదో ఒక తలుపు నిజముగా తెరచియుంచు పని కాంగ్రెసుది. కేంద్రాధికారులకును వర్తించునట్లు 1871 నాటి చట్టమును సవరింప నొక చిన్న వాక్యము చాలును.

మన బందెలదొడ్డి చట్టములో తప్పుగా కట్టివేసిన గేదెకు నూరు రూపాయల వరకు వెల కట్టిరి. ఎల్లిస్ ద్వీపములోని మనిషికి నాలుగేండ్ల ఎనిమిది నెలలకు వెల కట్టినవారు లేరు. ఆ లెక్క ఇంకను తీరనే లేదు.